ఎడిటింగ్ సిస్టమ్‌కు అసలు పరీక్ష మన గదిలోనే

క్లుప్తంగా: ఫొటో, వీడియో ఎడిటింగ్ డెస్క్‌టాప్‌లకు ఇంటర్నెట్‌లో కనిపించే స్కోర్లు చాలావరకు చల్లటి గదిలో, నిలకడైన కరెంటు మీద, కొద్ది నిమిషాల పరుగులో తీసినవి. గోదావరి డెల్టాలో పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు చేసే స్టూడియోల పని అలా సాగదు. ఇక్కడ సిస్టమ్ మొరాయించేది ముఖ్యంగా మూడు చోట్ల: కెమెరా రాసిన ఫైలును చిప్పు సులువుగా చదవలేకపోయినప్పుడు, మధ్యాహ్నం గది వేడెక్కినప్పుడు, కరెంటు పోయి యూపీఎస్ మీదికి మారే క్షణంలో. ఈ మూడింటినీ డబ్బు కట్టే ముందే పరీక్షించుకోవచ్చు.

## తికమక ఎక్కడిది

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11కు అధికారికంగా దాదాపు ఇంటెల్ 8వ తరం నుంచి పైవాటికే అర్హత. అంటే 2016, 2017 ప్రాంతంలో కొన్న ఐ7 మీద ఇప్పటికీ వీడియో మిక్సింగ్ చేస్తున్న స్టూడియో కొత్త సిస్టమ్ వైపు చూడక తప్పదు. సరిగ్గా ఆ సమయంలోనే ర్యామ్ ధరలు ఎగబాకాయి. మెమరీ చిప్పుల తయారీ ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లడమే దీనికి ప్రధాన కారణం. మైక్రాన్ సంస్థ అయితే 2025 డిసెంబరులో, మామూలు కొనుగోలుదారులకు అమ్మే క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఇటు 2027లో గోదావరి పుష్కరాలు రాబోతున్నాయి. ఎప్పుడూ ఉండే పెళ్లిళ్లు, కోనసీమ కొబ్బరితోటల్లో ప్రీ వెడ్డింగ్ షూట్లు సరేసరి.

పాతది మార్చాలి, కొత్తది ఖరీదైంది, పని మాత్రం ఆగదు. ఈ ఒత్తిడిలో రాజమహేంద్రవరంలోనో భీమవరంలోనో షాపు ముందు నిలబడిన మనిషి అడిగేవి రెండే ప్రశ్నలు: ఐ7 చాలా, ఐ9 వేయాలా? గ్రాఫిక్ కార్డు ఎన్ని జీబీ? రెండూ తప్పు ప్రశ్నలు కావు. కానీ ఆ రెండిటికీ జవాబు దొరికినంత మాత్రాన పని సాఫీగా సాగుతుందన్న భరోసా లేదు.

## స్కోరు కొలిచేది ఒకటి, పని మరొకటి

ప్రాసెసర్ల పోలికలో ఎక్కువగా కనిపించే సినీబెంచ్ ఒక త్రీడీ దృశ్యాన్ని రెండర్ చేసి, అంటే లెక్కగట్టి బొమ్మగా తయారుచేసి, మార్కులు ఇస్తుంది. ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్లు, అన్నీ ఒకేసారి పూర్తిగా పనిచేస్తే ఎంత వేగం వస్తుందో అది బాగానే చెబుతుంది. త్రీడీ యానిమేషన్ చేసేవారికి అది సూటిగా పనికొచ్చే కొలత. ఫొటోషాప్‌లో ఆల్బమ్ షీటు డిజైన్ చేసేటప్పుడు మాత్రం 24 కోర్లూ కదలవు. చాలా పనులు కొద్ది కోర్ల వేగం మీదే నడుస్తాయి. అందుకే సినీబెంచ్‌లో దూరంగా ఉన్న రెండు ప్రాసెసర్లు ఫొటోషాప్‌లో దాదాపు పక్కపక్కనే నిలబడటం మామూలు విషయం.

ఈ లోటును పూడ్చడానికే అమెరికాలోని ప్యూజెట్ సిస్టమ్స్ అనే వర్క్‌స్టేషన్ కంపెనీ ఫొటోషాప్, ప్రీమియర్ ప్రో లాంటి సాఫ్ట్‌వేర్లనే తెరిచి వాటితోనే పని చేయించి కొలిచే పరీక్షను రూపొందించింది. సినీబెంచ్ కంటే ఇది పనికి చాలా దగ్గర. అయినా అందులో వాడేది వాళ్లు ఎంచిన ఫుటేజ్. డెల్టాలో చాలా స్టూడియోలు వాడే ఎడియస్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాటి పద్ధతిలో కాక, చాలావరకు ప్రాసెసర్ మీద, ఇంటెల్ చిప్పులో వీడియోను వేగంగా చదివి రాసే క్విక్ సింక్ అనే భాగం మీద ఆధారపడి నడుస్తుంది. ప్రీమియర్‌లో మొదటి స్థానం వచ్చిన సిస్టమ్ ఎడియస్‌లోనూ మొదటిదే కావాలని లేదు.

## బరువంతా కెమెరా రాసే ఫైలులోనే

పెళ్లి వీడియో టైమ్‌లైన్‌ను కాస్త దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. మూడు కెమెరాల ఫుటేజ్ ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంది. జీలకర్ర బెల్లం పెట్టిన క్షణానికి ఏ కెమెరాలో ముఖాలు బాగా పడ్డాయో వెతకాలి. ఎడిటర్ మౌస్‌తో ముందుకూ వెనక్కూ జరుపుతుంటే తెర మీద పెళ్లికూతురు తల వంచి అలాగే బిగుసుకుపోతుంది. స్పీకర్లలో గట్టిమేళం మాత్రం సాగిపోతూనే ఉంటుంది. రెండు సెకన్ల తర్వాత బొమ్మ ఒక్కసారిగా ఎక్కడికో దూకుతుంది. ఇలా ఒక పెళ్లికి కొన్ని వందల సార్లు జరుగుతుంది. రెండర్ పది నిమిషాలు ఆలస్యమైతే టీ తాగి రావచ్చు గానీ ఈ ఆగడం మనిషి చేతిని ఆపేస్తుంది. ఎడిటింగ్ సిస్టమ్‌ను కొలవాల్సిన మొదటి చోటు ఇదే. ఎక్కువ మంది కొలవని చోటూ ఇదే.

కారణం ఫైలు రాసే పద్ధతిలో ఉంది. వీడియోను కుదించి రాసే హెచ్.264, హెచ్.265 పద్ధతుల ఫైళ్లలో కెమెరా సాధారణంగా ప్రతి ఫ్రేమునూ పూర్తిగా రాయదు. ఒక ఫ్రేము మొత్తం రాసి, ఆ తర్వాతి వాటిలో ఏం మారిందో అంతే రాసుకుంటూ పోతుంది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో ఒక పేజీలో నిలవ వేసి, ఆ తర్వాత జమ, ఖర్చులు మాత్రమే రాసినట్టు. ఫలానా రోజున ఎంత ఉందో తెలియాలంటే నిలవ వేసిన పేజీకి వెళ్లి అక్కడి నుంచి కూడుకుంటూ రావాలి. మధ్యలో ఉన్న ఫ్రేము చూపించడానికి కంప్యూటర్ చేసేదీ అదే. వెనక్కి జరిపితే ఆ లెక్క పదేపదే చేయాలి. మూడు కెమెరాలైతే పని మూడింతలు.

ఈ లెక్క వేగంగా చేయడానికి చిప్పుల్లో ప్రత్యేకమైన డీకోడర్ ఉంటుంది. అయితే అన్ని డీకోడర్లూ అన్ని రకాల ఫైళ్లనూ చదవలేవు. అసలు చిక్కు ఇక్కడుంది. సోనీ ఏ7ఎస్ 3, ఏ7 4 లాంటి కెమెరాల్లో 4:2:2 10 బిట్ అనే సెట్టింగ్ ఉంది. మామూలు 4:2:0లో నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక రంగు సమాచారం రాస్తే, 4:2:2లో రెండు పిక్సెళ్లకు ఒకటి రాస్తుంది. పసుపు బట్టలు, ఎర్ర పట్టుచీర, ఎల్ఈడీ లైట్లు కలిసిన మండపంలో రంగులు దిద్దుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది కాబట్టి ఫొటోగ్రాఫర్లు దీన్ని ఇష్టపడతారు. కానీ ఇలాంటి హెచ్.265 ఫైలును చదివే డీకోడర్ ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పుల్లో 11వ తరం నుంచి, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగంలో ఉంది. ఎన్‌విడియా కార్డుల్లో 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. అంతకు ముందరి కార్డుల్లో ఎంత ఖరీదైనదానికైనా, 24 జీబీల ఆర్‌టీఎక్స్ 4090తో సహా, ఆ డీకోడర్ లేదు. అప్పుడు భారమంతా ప్రాసెసర్ కోర్ల మీద పడుతుంది.

ఇప్పుడు షాపులో జరిగే ఒక చిన్న మార్పును గమనించాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అని ఉంటే లోపల గ్రాఫిక్స్ భాగం పనిచేయదని అర్థం. ధర కాస్త తక్కువ. ఎలాగూ వేరే గ్రాఫిక్ కార్డు వేస్తున్నాం కదా అని ఎఫ్ రకం వేయడం గేమింగ్ సిస్టమ్‌కు తెలివైన పొదుపే. 4:2:2లో షూట్ చేసి, ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ కార్డు వేసుకునే స్టూడియోకు మాత్రం అదే పొదుపు రోజూ పెట్టే నష్టమవుతుంది. క్విక్ సింక్ ఉండేదీ ఆ గ్రాఫిక్స్ భాగంలోనే కాబట్టి ఎడియస్ పరిస్థితి చెప్పనక్కర్లేదు. ఎఫ్ లేని ప్రాసెసర్ వేసినా ఒక్కోసారి, గ్రాఫిక్ కార్డు పెట్టగానే మదర్‌బోర్డు లోపలి గ్రాఫిక్స్‌ను ఆపేస్తుంది. మదర్‌బోర్డు సెట్టింగులు ఉండే బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేయాలి. ఉన్నదాన్ని వాడుకోలేక, సిస్టమ్ బాగోలేదని తిట్టుకునే సందర్భాల్లో ఇదొకటి.

పరీక్ష సులువే. టాస్క్ మేనేజర్ తెరిచి జీపీయూ పేజీలో వీడియో డీకోడ్ అనే గ్రాఫును చూస్తూ సొంత ఫుటేజ్‌ను ప్లే చేయాలి. గ్రాఫు లేచి, సీపీయూ నిమ్మళంగా ఉంటే డీకోడర్ పనిచేస్తున్నట్టు. గ్రాఫు నేల మీదే ఉండి సీపీయూ 80, 90 శాతానికి ఎగిరితే కోర్లే ఆ బరువంతా మోస్తున్నట్టు. హెచ్.264లో 4:2:2 10 బిట్‌కు మాత్రం చాలా చిప్పుల్లో డీకోడరే లేదు. ఆ ఫైళ్లకు ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్లు, తయారుచేసుకుని పనిచేయడం మేలు.

## చిప్పుకు చెమట పట్టదు

డెల్టా వాతావరణం గురించి ఒక అపోహ ఉంది. ఉక్కపోత వల్లే సిస్టమ్ ఎక్కువ వేడెక్కుతుందని అనుకుంటారు. ఉక్కపోత మనిషికి కష్టం, ఎందుకంటే గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. చిప్పుకు చెమట పట్టదు. దాని చల్లదనం గాలి ఉష్ణోగ్రత మీద, ఫ్యాను లాగే గాలి మీద ఆధారపడుతుంది. తేమ చేసే హాని వేరే రకం, నిదానంగా జరుగుతుంది: కూలర్ రేకుల మధ్య దుమ్ము ముద్దకట్టడం, తీరప్రాంతంలో ఉప్పుగాలికి కాంటాక్టులు పాడవడం. ఏసీ గదిలో చల్లబడిన కెమెరాను బయటికి తీస్తే లెన్స్ మీద ఆవిరి పట్టడం ఫొటోగ్రాఫర్లందరికీ తెలుసు. ఏసీలో రాత్రంతా ఆపి ఉంచిన సిస్టమ్‌కూ, కిటికీలు తెరిస్తే అదే జరగవచ్చు. నడుస్తున్న సిస్టమ్ గాలి కంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి దానికి ఆ భయం తక్కువ.

వేడి లెక్క మాత్రం సూటిగా ఉంటుంది. ఒకే పని, ఒకే ఫ్యాను వేగం అయితే గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్పు వేడి దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. 22 డిగ్రీల గదిలో రివ్యూ చేసినప్పుడు ప్రాసెసర్ 80 డిగ్రీల దగ్గర నిలిచిందనుకుందాం. తేడా 58. అదే సిస్టమ్ డాబా మీద రేకుల గదిలో, 38 డిగ్రీల మధ్యాహ్నం 96కు చేరాలి. ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 95. ఇంటెల్ 13, 14 తరాల వాటికి 100. హద్దు దగ్గర చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. సిస్టమ్ ఆగదు, తప్పు ఏదీ చూపించదు, రెండర్‌కు పట్టే సమయం మాత్రం పెరిగిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో రాజమహేంద్రవరం 40 డిగ్రీలు దాటడం కొత్త కాదు.

రివ్యూల్లో ప్రాసెసర్‌నూ గ్రాఫిక్ కార్డునూ విడివిడిగా పరీక్షించడం మరో లోపం. కలర్ గ్రేడింగ్ చేసిన 4కే వీడియో ఎక్స్‌పోర్ట్ అయ్యేటప్పుడు రెండూ కలిసి పనిచేస్తాయి. ఆర్‌టీఎక్స్ 5070 ఒక్కటే 250 వాట్ల వరకు తీసుకుంటుంది. ఆ వేడంతా మొదట క్యాబినెట్‌లోకే వస్తుంది. ప్రాసెసర్ కూలర్‌కు అందేది గది గాలి కాదు, కార్డు మీదుగా వచ్చిన వేడి గాలి. ముందు భాగమంతా అద్దం ఉన్న క్యాబినెట్ అయితే లోపలికి గాలి వచ్చే దారీ తక్కువే. రంగురంగుల లైట్ల కంటే ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్ డెల్టాకు నయం.

ఏసీ ఉంటే సమస్య తీరినట్టే కదా అంటే, కొంతవరకే. ఒక టన్ను ఏసీ సుమారు 3,500 వాట్ల వేడిని బయటికి తోస్తుంది. పూర్తి లోడ్ మీద 600 వాట్లు తీసుకునే సిస్టమ్ అందులో ఆరో వంతు వాటాను తానే తినేస్తుంది. కరెంటు పోతే ఏసీ ఆగుతుంది. సిస్టమ్ మాత్రం యూపీఎస్ మీద రెండర్ చేస్తూనే ఉంటుంది. తలుపులు మూసిన చిన్న గదిలో వేడి ఎంత త్వరగా పెరుగుతుందో అప్పుడు తెలుస్తుంది.

## కరెంటు పోయిన ఆ క్షణం

600 వీఏ యూపీఎస్ అంటే చాలామంది 600 వాట్లు అనుకుంటారు. ఈ తరహా చిన్న యూపీఎస్‌లు మోయగలిగేది సుమారు 360 వాట్లు. ఐ7 14700కే ప్రాసెసర్ గరిష్ఠంగా 253 వాట్లు, గ్రాఫిక్ కార్డు 250, మిగతావన్నీ కలిపి ఇంకో 80, 100. మొత్తం 600 చుట్టూ వస్తుంది. షాపులో ప్లగ్ పీకి చూపిస్తే సిస్టమ్ చక్కగా నడుస్తుంది, ఎందుకంటే అప్పుడు డెస్క్‌టాప్ మీద ఊరికే ఉండి 100 వాట్ల లోపే తీసుకుంటోంది. రెండర్ మధ్యలో కరెంటు పోయినప్పుడే యూపీఎస్ కీచుమని అరిచి ఆరిపోతుంది. యూపీఎస్ పరీక్ష రెండర్ నడుస్తుండగా చేయకపోతే చేయనట్టే.

రెండో సంగతి మిల్లీసెకన్లది. కరెంటు పోయాక యూపీఎస్ అందుకునేలోపు చిన్న ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని సిస్టమ్ లోపలి పవర్ సప్లై తన కెపాసిటర్లలో ఉన్న నిలవతో దాటించాలి. ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ప్రకారం పూర్తి లోడ్ మీద 12 మిల్లీసెకన్లు, 80 శాతం లోడ్ మీద 17 మిల్లీసెకన్లు నిలబడాలి. మన ఇళ్లలో ఉండే ఇన్వర్టర్ యూపీఎస్ మోడ్‌లో మామూలుగా పది మిల్లీసెకన్ల చుట్టూ మారుతుంది. మామూలు మోడ్‌లో అంతకు రెండు మూడు రెట్లు పట్టవచ్చు. ఫ్యాను, ట్యూబులైటుకు ఆ తేడా తెలియదు. ఎడిటింగ్ సిస్టమ్ రీస్టార్ట్ అయిపోతుంది. కొత్త సిస్టమ్ కరెంటు పోయినప్పుడల్లా రీస్టార్ట్ అవుతోందంటే ఒక్కోసారి తప్పు సిస్టమ్‌ది కాదు, ఇన్వర్టర్ వెనక మోడ్ మార్చే చిన్న స్విచ్చుది.

ఎర్తింగ్ గురించి కూడా ఒక మాట. క్యాబినెట్ ఇనుముకు ముంజేయి ఆనితే జిల్లుమంటోందంటే, టెస్టర్ పెడితే సన్నగా వెలుగుతోందంటే ఎర్త్ సరిగా లేనట్టు. పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోయే దారి లేక బాడీ మీద నిలుస్తోంది. ఇలాంటి చోట కొత్త సిస్టమ్ బిగించే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవడం అవసరం. మనిషికీ ప్రమాదం, హార్డ్ డిస్కులో ఉన్న నాలుగు కుటుంబాల పెళ్లి జ్ఞాపకాలకూ ప్రమాదం.

## ఫొటోల పని వేరు

ఆల్బమ్ డిజైన్‌కు కావాల్సింది ముందు ర్యామ్. 12 బై 36 అంగుళాల షీటు 300 డీపీఐలో అంటే 3,600 బై 10,800 పిక్సెళ్లు, దాదాపు 3.9 కోట్లు. 8 బిట్‌లో ఒక్క పూర్తి లేయరుకు 117 ఎంబీ దాకా కావాలి. ఇరవై లేయర్లు, నాలుగు షీట్లు ఒకేసారి తెరిస్తే 16 జీబీ ర్యామ్ చాలదు. అక్కడి నుంచి ఫొటోషాప్ డిస్కును వాడుకోవడం మొదలుపెడుతుంది, బ్రష్ వెనకబడుతుంది. 32 జీబీ కనీసం అనుకోవాలి. ధరలు పెరిగాయని ఒకే స్టిక్కు వేస్తే మెమరీ దారి సగమే తెరుచుకుంటుంది. రెండు 16లు ఒక 32 కంటే మేలు.

గ్రాఫిక్ కార్డు విలువ తెలిసేది లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన, ఫొటోలోని చుక్కలు తొలగించే ఏఐ డీనాయిస్ దగ్గర. రాత్రి ముహూర్తాల ఫొటోలు ఎక్కువ ఐఎస్ఓలో తీస్తారు కాబట్టి ఇక్కడ దాని అవసరం చాలా ఉంది. 50 రా ఫైళ్లకు డీనాయిస్ పెట్టి గడియారం చూస్తే రెండు కార్డుల మధ్య తేడా ఏ చార్టూ అక్కర్లేకుండా తెలుస్తుంది.

## డిస్కు అలసిపోతుంది

సెకనుకు 200 మెగాబిట్ల ఫుటేజ్ గంటకు 90 జీబీ. ఎన్‌వీఎంఈ అనే వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ డబ్బా మీద సెకనుకు 7,000 ఎంబీల వేగం అని రాసి ఉండవచ్చు. అది చాలావరకు లోపల ఉండే చిన్న వేగవంతమైన నిలవది. చవక రకాల్లో అది నిండిపోగానే వేగం కొన్ని వందల ఎంబీలకు, ఒక్కోసారి అంతకంటే కిందికి పడిపోతుంది. ఒక జీబీ ఫైలుతో చేసే పరీక్షకు ఇది చిక్కదు. ఒక పెళ్లి ఫుటేజ్ మొత్తం, 300 జీబీలు, ఒకేసారి కాపీ చేస్తే చిక్కుతుంది.

## వాడిన ఇంటెల్ కొనేవారికి

సెకండ్‌హ్యాండ్‌లో ఐ9 13900కే, 14900కే చవకగా కనిపిస్తున్నప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పుల్లో అవసరానికి మించిన వోల్టేజీ వల్ల కొన్ని క్రమంగా దెబ్బతిని క్రాష్ అవుతున్నాయని 2024లో తేలింది. ఇంటెల్ ఆ ఏడాది ఆగస్టులో చిప్పు లోపలి పనితీరును సరిచేసే 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ ఇచ్చింది, బాక్స్ ప్రాసెసర్ల వారంటీని రెండేళ్లు పెంచింది. బయోస్ అప్‌డేట్ కొత్త నష్టాన్ని ఆపగలదు గానీ అప్పటికే జరిగినదాన్ని బాగుచేయలేదు. అలాంటి సిస్టమ్‌ను రెండు మూడు గంటలు ఏకధాటిగా రెండర్ చేయించకుండా తీసుకోకూడదు.

## ఒక రోజు పరీక్ష

అసెంబుల్ చేసే షాపులు చాలావరకు తెలిసిన మనుషులవే. అడ్వాన్సు ఇచ్చి, బ్యాలెన్సు మర్నాడు కడతామంటే ఒప్పుకునేవారు ఉంటారు. ఆ ఒక్క రోజు సిస్టమ్‌ను స్టూడియో గదిలో, అది రోజూ ఉండబోయే టేబుల్ కిందే పెట్టాలి. ఉదయం సొంత ఫుటేజ్‌తో మూడు కెమెరాల టైమ్‌లైన్ వేసి వెనక్కీ ముందుకీ జరిపి చూడాలి, డీకోడ్ గ్రాఫు గమనించాలి. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ వేగం కొన్నదానికి సరిపోయిందో లేదో చూడాలి. బయోస్‌లో ర్యామ్ వేగానికి సంబంధించిన ప్రొఫైల్ ఆన్ చేయక తక్కువ వేగంతో నడవడం తరచూ జరిగేదే. మధ్యాహ్నం రెండు గంటలకు ఏసీ ఆపి గంట నిడివి వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వేడినీ క్లాక్ వేగాన్నీ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కాగితం మీద రాసుకోవాలి. రెండింటి మధ్య క్లాక్ బాగా పడిపోయిందంటే కూలర్ గానీ క్యాబినెట్ గానీ మార్పించాలి. అది ప్రాసెసర్ మార్చడం కంటే చాలా చవక.

ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగానే మెయిన్ ఆపాలి. యూపీఎస్ నిలబడితే అలాగే అయిదు నిమిషాలు వదిలి, కరెంటు ఇచ్చాక ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలును మొదటి నుంచి చివరి దాకా చూడాలి. మధ్యలో ఆకుపచ్చ గీతలో, ఆగిన ఫ్రేములో కనబడితే ఆ రోజే చెప్పాలి. అన్నీ సరిగా ఉన్నాక బిల్లు రాయించుకునేటప్పుడు ఐ7 ప్రాసెసర్, ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ అని కాకుండా ప్రతి భాగానికీ పూర్తి మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉండాలి. ప్రాసెసర్ పేరులో చివరి అక్షరంతో సహా.